మేస్త్రి ఆపిన చప్పుడు

మేస్త్రికి చప్పుడంటే పడదు. పడదంటే, చిరాకుపడి కిటికీలు మూసుకునే రకం అని కాదు. ఎక్కడ చప్పుడు వినిపించినా అక్కడ ఏదో చెడిందని ఆయన నమ్మకం. ఫ్యాను కిర్రుమంటే బేరింగు పోయినట్టు. తలుపు మూలిగితే బందు వదులైనట్టు. మనిషి అదేపనిగా గట్టిగా మాట్లాడుతున్నాడంటే వాడికీ ఎక్కడో ఒక నట్టు వదులుగా ఉండే ఉంటుందని ఆయన అభిప్రాయం, కానీ ఆ మాట పైకి అనడు. అసలు ఏ మాటా పైకి అనడు.

అందులో ఆయన తప్పేమీ లేదు. బస్సులూ లారీలూ బాగుచేసే షెడ్డులో వయసంతా సైలెన్సర్లకి వెల్డింగు చేసినవాడు. చిల్లుపడ్డ సైలెన్సరుతో వీధి దద్దరిల్లేలా వచ్చిన బండి ఆయన చేతిలో పడ్డాక బుద్ధిగా బయటికి వెళ్ళేది. షెడ్డులో అందరూ సైలెన్సర్ మేస్త్రి అనేవారు. రానురాను పేరులో ముందు సగం అరిగిపోయి ఇంటా బయటా ఉత్త మేస్త్రే మిగిలాడు. ఆ ముందు సగాన్ని పట్టుకుని ఇప్పటికీ వదలనివాడు బావమరిది ఒక్కడే. బావమరుదులు అలాంటివి అంత తొందరగా వదలరు.

ఇంతటి చప్పుడు పడని మనిషి కట్టుకున్నది ఎలాంటి మనిషినంటే, ఆవిడ వీధి మొదట్లో మాట్లాడితే చివరింట్లో వాళ్ళు జవాబు చెప్పేవారు. వీధి మొత్తానికి ఆవిడ అక్క. బట్టల షాపులో కౌంటరు వెనక నిలబడి, వాన పడుతోందని ఊరికే లోపలికి వచ్చినవాళ్ళ చేత కూడా రెండు జతలు కొనిపించి పంపేది. "మీరు కొనకండి, ఊరికే ఒంటిమీద వేసుకుని చూడండి. ఇది మీకోసమే నేసి పెట్టారేమో అనిపిస్తోంది, అంతే" అనేది. అలా చూసినవాళ్ళెవరూ మళ్ళీ మడతపెట్టి తిరిగివ్వలేదు. ఇంటికి వచ్చాక ఆ రోజు షాపులో ఎవరు వచ్చారో, ఏం బేరమాడారో, మేనేజరు ఎవరిమీద కస్సుమన్నాడో అంతా ఏకరువు పెట్టేది. మేస్త్రి వినేవాడు. ఆయన లెక్క ప్రకారం ఇదీ చప్పుడే కదా, దీన్ని బాగుచెయ్యాలని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ ఒక్క చప్పుడూ ఆయనకి ఎప్పుడూ చప్పుడులా తోచలేదు.

ఆ నోరు పోయిన ఏడాది మూతపడింది. ఒకరోజు పొద్దున్నే షాపుకి వెళ్ళడానికి తయారవుతూ బీరువా ముందు కూలబడిపోయింది. మెదడులో రక్తనాళం పూడుకుపోయిందన్నారు. కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయి. మాట రాలేదు. పూర్తిగా రాలేదని కాదు, వచ్చిన మాట ఆవిడ పిలిచిన మాట కాదు. గ్లాసు కావాలని అడగబోతే గొడుగు వచ్చేది. ఫోనులో కూతుర్ని పిలవబోతే దువ్వెన వచ్చేది. లోపల ఉన్న మాట ఆవిడకి బాగా తెలుసు. బయటికి వచ్చింది అది కాదనీ తెలుసు. తెలియకపోతే ఇంత బాధ ఉండేది కాదు.

షాపులోవాళ్ళు చూడడానికి వచ్చారు. అందరినీ చూసి మొహం చేటంత చేసుకుని, "కాఫీ తాగండి" అనబోయి, "కత్తెర తాగండి" అంది. కొత్తగా చేరిన పిల్ల ఒకతి ఫక్కున నవ్వేసింది. చెడ్డ పిల్ల కాదు. నవ్వేశాక నాలిక్కరుచుకుని, మెట్లు దిగుతూ ఏడ్చేసింది కూడా. కానీ ఆ రోజు నుంచీ అక్క ఇంట్లో ఏ మనిషి ముందూ నోరు తెరవలేదు. కావలసినవి చేత్తో చూపించేది. అవునంటే తల ఊపేది. కోపం వస్తే కళ్ళతో తిట్టేది. ఆ తిట్టడంలో మాత్రం పాత పదును ఎక్కడికీ పోలేదు.

మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి వారం వారం వెళ్ళేవారు. ఆ గదిలో తలుపు వేసుకుని డాక్టరమ్మ బొమ్మలు చూపిస్తే అక్క నాలుగైదు పేర్లు చెప్పేది. అదీ మేస్త్రి బయట కూర్చుంటేనే. ఒకరోజు డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"అమ్మా, రోజూ ఇంట్లో పైకి మాట్లాడాలి. తప్పొచ్చినా పర్లేదు, మాట బయటికి రావాలి. లేకపోతే ఇప్పుడు వచ్చినవి కూడా జారిపోతాయి. తర్వాత పట్టుకుందామన్నా దొరకవు" అంది. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "మీరు ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉండే చోటు చూడండి. గోలా అదీ లేకుండా" అంది.

డాక్టరమ్మ చెప్పినవాటిలో మేస్త్రి ఆ చివరి ముక్క పట్టుకున్నాడు. ఇంటికొచ్చి గది గదికీ వెళ్ళి నిలబడి చెవులతో వెతికాడు. టీవీ పెట్టడం ఎప్పుడో మానేశారు. వంటింట్లో కొళాయి కారదు, కారనిస్తే ఆయన మేస్త్రే కాదు. ఇంట్లో మిగిలిన చప్పుడల్లా ఒక్కటే, ముందుగదిలోని అక్వేరియం.

అదేమీ అలమరలో పెట్టుకునే గాజు బుడ్డి కాదు. ముందుగది గోడలో ముప్పాతిక మేర అదే. అందులో వెండి బిళ్ళల్లా గుండ్రంగా మెరిసే చేపలు ఒక గుంపు, వాటన్నిటికీ పెద్దగా ఒక ఆస్కార్ చేప. అరచేతికి మించిన సైజు, నల్లటి ఒంటిమీద నారింజరంగు మచ్చలు, ముందుకు వేలాడే కింది పెదవి, ఎవరేం చేసినా నచ్చనట్టుండే మొహం. దాన్ని చూడగానే అక్క మేనేజర్ అని పేరు పెట్టింది. షాపులో అసలు మేనేజర్ని అనలేనివన్నీ ఇంటికొచ్చి దీన్ని అనేది. అది అద్దం దగ్గరికొచ్చి శ్రద్ధగా తిట్లు తినేది.

ఆ తొట్టి లోపల ఎడమ మూలన పై నుంచి కిందిదాకా నల్లటి పలకలతో కట్టిన స్తంభం ఒకటి ఉండేది. నీళ్ళు దాని పై అంచున ఉన్న పళ్ళ సందుల్లోంచి స్తంభంలోకి దూకి, అడుగు చిల్లులోంచి గొట్టంలో పడి, బల్ల కింది అరలో ఉన్న చిన్న తొట్టిలోకి దిగేవి. అక్కడ వడకట్టుకున్నాక మోటారు వాటిని మళ్ళీ పైకి తోసేది. స్తంభంలోకి దూకే నీళ్ళు ఊరుకుంటాయా, గాలిని కూడా వెంట లాక్కుపోతాయి. అందుకని పొద్దస్తమానం గుడగుడ, మధ్యమధ్యలో ఎవరో బోసినోటితో టీ జుర్రినట్టు ఒక జుర్రు. చప్పుడు పడని మనిషి ఇన్నేళ్ళూ దీన్ని ఎలా భరించాడంటే, అక్క మాటల ముందు అది వినిపించేది కాదు. ఇప్పుడు అదొక్కటే వినిపిస్తోంది.

దానికి మందు మేస్త్రికి తెలుసు. లోపలి స్తంభాన్ని పీకెయ్యాలి. వెనక అద్దానికి పై అంచు దగ్గర చిల్లులు పెట్టి, తొట్టి బయట, గోడవైపు ఒక గాజుపెట్టె బిగించాలి. నీళ్ళు అంచుమీదుగా ఒద్దికగా పొర్లి ఆ పెట్టెలోకి వెళతాయి. పెట్టెలోంచి కిందికి మూడు గొట్టాలు. మొదటిదానికి ఒక వాల్వు పెట్టి గాలి చొరకుండా నిండా నీళ్ళతో నడపాలి. రెండోదాంట్లో మిగులు నీళ్ళు సన్నగా జారతాయి. మూడోది ఖాళీ, ముందు రెండూ పూడుకుంటే ఇల్లు చెరువు కాకుండా. గాలి చొరబడకపోతే గుడగుడ ఉండదు. సైలెన్సరుకీ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదని ఆయనకి తోచింది, దాంతో మరీ ఉత్సాహం వచ్చేసింది.

కాగితం మీద బొమ్మ గీసి అక్కకి చూపించాడు. అక్క వద్దని చెయ్యి ఊపింది. అర్థం కాలేదేమోనని మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. ఆవిడ లేచి వెళ్ళి తొట్టికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"నాకేం శ్రమ లేదులే. ఎలాగూ ఇంట్లో ఊరికే కూర్చునేవాణ్ణేగా" అన్నాడు మేస్త్రి.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"చేపలకేం కాదు. ఆ నీళ్ళతోనే డ్రమ్ముల్లోకి తీస్తా. మేనేజర్‌కి ఒక్క పొలుసు ఊడినా నన్నడుగు."

ఆవిడ ఏదో అనబోయి నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. మళ్ళీ మూసుకుని, కళ్ళతో తిట్టాల్సింది తిట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఒప్పుకుందని మేస్త్రి అనుకున్నాడు. భార్య కాదన్నదాన్ని సరేనని వినగల విద్య మగవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అక్క తమ్ముడిది అద్దాల షాపు, అందరికీ అద్దాలాయన. డ్రిల్లూ, దానికి తగిలించే వజ్రపు పొడి పూసిన గుండ్రటి బిట్లూ సంచిలో వేసుకుని సెలవురోజు పొద్దున్నే దిగాడు. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"అక్కా, నీ ఇంటిని ముంచాలని సైలెన్సర్ బావ కంకణం కట్టుకున్నాడు. నేను ఆపలేను, కాబట్టి నేనే ముంచుతాను. కనీసం పని నీటుగా ఉంటుంది."

అక్క నవ్వలేదు. తమ్ముడు బావ వంక చూశాడు, బావ గొట్టాల వంక చూశాడు.

చేపల్ని తియ్యడానికే సగం పూట పట్టింది. బిళ్ళచేపలు వలలోకి సులువుగానే వచ్చాయి. మేనేజర్ మాత్రం తొట్టంతా తిరిగి, మేస్త్రి చొక్కా నిలువునా తడిపి, చివరికి డ్రమ్ములో పడ్డాక అలిగి ఒకపక్కకి ఒరిగి పడుకుంది. చచ్చిపోయిందేమోనని మేస్త్రి కంగారుగా వంగి చూశాడు. వేలు పెడితే కరవబోయింది. అక్క స్టూలు తెచ్చుకుని డ్రమ్ము పక్కనే కూర్చుంది. ఆ రోజంతా అక్కణ్ణుంచి లేవలేదు.

నీళ్ళు తోడి తొట్టిని గోడనుంచి జానెడు ముందుకి జరిపారు. అప్పుడు అద్దాలాయన జేబులోంచి నల్లకళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"ఇంట్లో ఎండగా ఉందా?" అన్నాడు మేస్త్రి.

"మాటలొచ్చాయే బావకి! ఆ ఫోను తెల్లగా వెలిగించి అద్దం వెనక పట్టుకో. కాల్చి గట్టిపరిచిన అద్దమైతే ఈ కళ్ళద్దాల్లోంచి మరకలు మరకలుగా కనిపిస్తుంది. దానికి డ్రిల్లు ఆనించామా, మొత్తం పంచదార అయిపోతుంది. ఊడ్చుకోవడమే."

మేస్త్రి ఫోను పట్టుకుని గోడకీ తొట్టికీ మధ్య ఇరుక్కుని నిలబడ్డాడు. అద్దాలాయన తల అటూ ఇటూ వంచి, కళ్ళద్దాలు తీసి అడ్డంగా తిప్పి, మళ్ళీ పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మామూలుదే. కానిద్దాం" అన్నాడు.

అద్దం కొయ్యడం బలంతో అయ్యే పని కాదు. డ్రిల్లు బరువు తప్ప చేతి బరువు పడకూడదు. అద్దాలాయన డ్రిల్లు పట్టుకుంటే, మేస్త్రి సీసా మూతికి చిల్లుపెట్టి ఆ చోట చుక్కచుక్కగా నీళ్ళు పోశాడు. తెల్లటి గాజుపాలు గోడమీద చారలు కట్టాయి. చివరి చిల్లు సగం దాటాక డ్రిల్లు గొంతు మారినట్టు మేస్త్రి చెవికి తగిలింది. "ఆగు, ఆగు. వదులుగా పట్టుకో. చివరికొచ్చేసింది" అన్నాడు. అద్దాలాయన చెయ్యి తేలిక చేశాడు. గుండ్రటి ముక్క లోపలివైపు అంటించిన టేపులోకి మెత్తగా ఊడిపడింది. అంచు మీద ఒక్క పెచ్చు కూడా లేవలేదు. అంత పెద్ద మనుషులిద్దరూ ఆ ముక్కని పట్టుకుని చిన్నపిల్లల్లా మురిసిపోయారు.

స్తంభాన్ని కోసి తీశారు. అడుగు చిల్లు మీద గాజుపలక అంటించి మూసేశారు. వెనక పెట్టె బిగించారు. జిగురు గట్టిపడేదాకా చేపలు డ్రమ్ముల్లోనే ఉన్నాయి. ఆ రోజుల్లో ఇంట్లో గాలిబుడగల చిన్న మోటారు మోతే తప్ప మరొకటి లేదు. అక్క డ్రమ్ము దగ్గర కూర్చునేది. మేస్త్రి వస్తే లేచి వెళ్ళిపోయేది. కోపం ఇంకా తగ్గలేదనుకున్నాడు.

నీళ్ళు నింపి, చేపల్ని వదిలి, మోటారు వేసిన రోజున మేస్త్రి బల్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాల్వు పిసరంత మూశాడు. గొట్టం గుర్రుమంది. ఇంకో పిసరు మూశాడు. జుర్రింది. మరీ మూస్తే పైన నీటిమట్టం లేస్తోంది, తెరిస్తే గాలి దూరుతోంది. అక్క వెనక నిలబడి ఆయన చేతినే చూస్తోంది. చివరికి ఎక్కడో వెంట్రుకవాసిలో గొట్టం నిండిపోయి, ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. పక్కగదిలో గడియారం వినిపించింది. నీళ్ళు కదులుతున్నాయని తొట్టిలోని ప్లాస్టిక్ గడ్డిమొక్కల్ని చూస్తే తప్ప తెలియదు.

మేస్త్రి తల తిప్పి భార్య వంక చూశాడు. లెక్క సరిగ్గా చేసి పలక చూపించే పిల్లవాడి మొహం ఆయనది. ఆవిడ తొట్టి వంక కాసేపు చూసింది, ఆయన వంక చూసింది, లోపలికి వెళ్ళి పడుకుంది.

మర్నాడు పొద్దున్న మేస్త్రి వంటింట్లో కాఫీకి పాలు పెడుతున్నాడు. అక్క రోజూలాగే ముందుగదిలో తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. రోజూ ఆ వేళకి ఆవిడ అక్కడ కూర్చుంటుందని ఆయనకి తెలుసు. చేపల్ని చూసుకుంటోందనుకునేవాడు. ఆ వేళ మాత్రం పాల గిన్నె ముందు నిలబడినవాడికి ముందుగదిలోంచి ఒక గొంతు వినిపించింది.

"మే... మేనే... జర్. తి... తిన్నావా? నీ... నీ మొ... మొక్క... మొహం."

మేస్త్రి చెయ్యి గరిటె మీద అలాగే ఉండిపోయింది. ఆ గొంతు ఎన్నాళ్ళయింది విని! తప్పులున్నాయి, తడబాట్లున్నాయి, కానీ ఆ దెప్పు ఉందే, అది అచ్చంగా పాత దెప్పే. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పట్టలేని సంతోషంతో గుమ్మంలోకి వచ్చాడు. పాపం, ఇంట్లో వేసుకునే చెప్పులు విడవాలన్న ఆలోచన రాలేదు. ఆ నిశ్శబ్దంలో చెప్పు నేలకి రాసుకుని చప్పుడైంది. అక్క వెనక్కి తిరిగింది.

ఆ మొహం చూశాక మేస్త్రికి సంతోషమంతా దిగిపోయింది. బట్టలు మార్చుకుంటుంటే ఎవరో తలుపు తోసుకుని వచ్చినట్టు చూసింది ఆవిడ. లేచి, కుర్చీ తీసి గోడవారగా పెట్టేసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. వంటింట్లో పాలు పొంగిపోయాయి.

ఆ తర్వాత ఆవిడ తొట్టి ముందు కూర్చోలేదు. మేనేజర్ మేత వేళకి అద్దం దగ్గరికొచ్చి, కుర్చీ ఉండే చోటు వంక చూస్తూ ఉండిపోయేది. డాక్టరమ్మ దగ్గర బొమ్మలు చూపిస్తే, పోయినసారి చెప్పిన తాళంచెవికీ గడియారానికీ కూడా అక్క పెదవి విప్పలేదు. డాక్టరమ్మ మొహం ముడుచుకుంది.

"ఇంట్లో మాట్లాడట్లేదా? జారిపోతున్నాయి చూడండి. ఇంట్లో ప్రశాంతంగా ఉంటోందా?"

"చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందండీ" అన్నాడు మేస్త్రి.

ఇంటికొచ్చి ఆ కుర్చీ లాక్కుని, ఆవిడ కూర్చునే చోటే కూర్చున్నాడు. బండి చెడితే నడిపేవాడి సీట్లో కూర్చుని చూడాలన్నది షెడ్డులో ఆయన పద్ధతి. కూర్చుంటే వంటింట్లో పళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది. పక్కింట్లో దగ్గు వినిపించింది. తన ఊపిరి తనకే వినిపించింది. పాత స్తంభం పక్కన, ఆ గుడగుడ మధ్యన, ఇక్కడ కూర్చుని ఏం మాట్లాడినా ప్రపంచంలో ఎవరికీ వినపడేది కాదు. ఇంట్లో ఆవిడ మాట్లాడుకోగలిగిన చోటు అదొక్కటే ఉండేది. అందుకే చేతులు అడ్డం పెట్టింది. పొద్దున పొద్దున్నే ఇన్ని నెలలూ ఆవిడ కష్టపడి కూడబెట్టుకుంటున్నదాన్ని తానే చిల్లులు పెట్టి మరీ పాడుచేశాడు. మేస్త్రికి తనమీద తనకి పట్టరాని కోపం వచ్చింది.

బావమరిదికి ఫోను చేసి చెప్పాడు. అంత పొడుగు సంగతి ఆయన చెప్పడం అదే మొదటిసారి. అద్దాలాయన అంతా విని, అలవాటు కొద్దీ, "సైలెన్సర్ బిగించావు, ఇంజన్ ఆగిపోయింది బావా" అన్నాడు. వెంటనే గొంతు మార్చి, "నవ్వులాటకన్నాలే. అక్క ఏడ్చిందా?" అని అడిగాడు.

"ఏడిస్తే బాగుండేది" అన్నాడు మేస్త్రి.

చేసినవాడే విప్పాలి కదా. బల్ల ముందు మళ్ళీ బాసింపట్టు వేసుకుని వాల్వు తెరిచాడు. గొట్టంలో గాలి దూరింది. గుడగుడ మొదలైంది, ముందుకంటే నాలుగాకులు ఎక్కువే. చప్పుడు చెయ్యడం కోసం పని చెయ్యడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కుర్చీ తెచ్చి తొట్టి ముందు వేసి, తాను పోయి వంటింట్లో నిలబడ్డాడు.

అక్క గదిలోంచి బయటికి వచ్చింది. ఆ మోతని విన్నది. కుర్చీని చూసింది. వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడ్డ మొగుణ్ణి చూసింది. ఆవిడకి క్షణంలో అర్థమైపోయింది. తాను అక్కడ ఏం చేసేదో ఆయనకి తెలిసిపోయాక, ఇక ఎంత మోత ఉంటేనేం? బల్ల అర తలుపు తీసి, కుడిమోకాలు వంగక అవస్థపడుతూ నేలమీద కూర్చుని, వాల్వు మీద చెయ్యి వేసింది. కొద్దికొద్దిగా తిప్పింది. ఆయనకి గంట పట్టిన పని ఆవిడ నాలుగు తిప్పుల్లో చేసేసింది. ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమైపోయింది.

"తప్పు చేశాను" అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచి. "నువ్వు వద్దన్నావు. నేను వినలేదు."

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. ఆయన దగ్గరికొచ్చి, చొక్కాకి అంటిన తడిని ఒకసారి దులిపి, లోపలికి వెళ్ళిపోయింది. కోపం లేదన్నమాట. కోపం ఉన్నా బాగుండేదని ఆయనకి అనిపించింది, ఎందుకంటే కోపమొస్తే కనీసం కళ్ళతోనైనా తిట్టేది.

చేపలకి మేత వేసే పని ఇక ఆయన నెత్తిన పడింది. ఒక పొద్దున గింజలు చేతిలో పోసుకుని కుర్చీలో కూర్చుంటే, మేనేజర్ ఆయన్ని ఒకసారి చూసి, మొహం తిప్పుకుని తొట్టి అడుగుకి వెళ్ళి పడుకుంది.

"ఏంట్రా, నేను పనికిరానా?" అన్నాడు మేస్త్రి.

అది కదల్లేదు. ఆయనకి దానిమీద జాలేసింది. రోజూ కబుర్లు చెప్పే మనిషి లేక దిగులు పెట్టుకుందేమో అనుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడితే పైకొస్తుందేమోనని గొంతు సవరించుకున్నాడు. ఆయనకి కబుర్లేం వచ్చు? తెలిసినదాంట్లోంచే ఒకటి ఎత్తుకున్నాడు.

"నిన్ను తెచ్చింది నేనే తెలుసా? షెడ్డు నుంచి వస్తూ చూశా నిన్ను. అప్పటికి బొటనవేలంత ఉన్నావు. ఆ రోజు ఒకటే వాన. కవర్లో వేయించి, స్కూటరు డిక్కీలో పెట్టుకుని..."

"కాదు."

లోపలి గదిలోంచి వచ్చిందా మాట. గట్టిగా కూడా అనలేదు. పాత గుడగుడలో అయితే గుమ్మం దాకా కూడా వచ్చేది కాదు.

మేస్త్రి ఎప్పుడో అరుదుగా ఏ సంగతి చెప్పినా ఎక్కడో ఒకచోట తప్పు చెప్పడం, అక్క పదిమందిలో దాన్ని సరిదిద్దడం, ఆ కాపురంలో మొదటినుంచీ ఉన్నదే. చుట్టాలు సైతం ఆయన చెప్పేది విని, నిజం ఏమిటో తెలుసుకోవడానికి ఆవిడ వైపు తిరిగేవారు. ఆయన కావాలని తప్పు చెప్పడు. ఆయనకి సంగతులు అలాగే గుర్తుంటాయి. అది ఆవిడ ఎన్నడూ సహించలేదు. జబ్బు వచ్చాక ఆయన ఏ సంగతీ చెప్పనే లేదు కాబట్టి, సరిదిద్దే అవసరమూ పడలేదు.

ఆయన వెనక్కి తిరగలేదు. తన వంక తిరిగితే ఏమవుతుందో ఇదివరకే ఒకసారి చూశాడు.

"స్కూటరు డిక్కీలో పెట్టుకుని..." అన్నాడు చేపతోనే.

"బ... బస్సు."

"స్కూటరేనే. నాకు బాగా గుర్తు."

"బస్సు!" గొంతు గుమ్మం దగ్గరికి వచ్చింది. "వా... వాన... లేదు. ఎం... ఎండ. నే... నేను. నేను కొ... కొన్నా. మీరు కా... కాదు."

"నువ్వు కొన్నావా? మరి కవరు?"

"కవరు చి... చినిగింది. బస్సులో. నీళ్ళు... నీళ్ళన్నీ... నే... నేను గం... గంటలో పెట్టా."

తప్పు మాట. ఆ గదిలో అది ఎంత స్పష్టంగా వినిపించిందంటే, గోడమీద రాసి పెట్టినట్టుంది. దాన్ని కప్పడానికి ఏ నీళ్ళ చప్పుడూ లేదు. అక్క ఆగిపోయింది. అయిపోయింది, ఇక లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటుందనుకున్నాడు మేస్త్రి. దేవుడా, ఈ ఒక్కసారికి వెళ్ళనివ్వకు అనుకున్నాడు.

"గంట కా... కాదు" అంది అక్క, ఆ మాట మీదే విరుచుకుపడుతూ. "గి... గిన్నె. టిఫిన్... గిన్నె. అ... అన్నం పా... పారేసి, గిన్నెలో పెట్టా. ఒ... ఒళ్ళో పెట్టుకుని తెచ్చా."

మేనేజర్ అడుగునుంచి లేచి అద్దం దగ్గరికి వచ్చింది. మేస్త్రి ఇంకా తిరగలేదు.

"అయితే ఇన్నాళ్ళూ నేను అందరికీ తప్పు చెప్తున్నానంటావు" అన్నాడు.

"మీరెప్పుడూ తప్పే చెప్తారు."

ఆ మాటలో ఒక్క అక్షరం తడబడలేదు. ఆవిడకీ ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. చెయ్యి నోటిమీదికి పోయింది. మేస్త్రి ఏడ్చేశాడు. ఎవరికీ వినపడకుండా ఏడుద్దామని చూశాడు గానీ, ఆ గదిలో అలాంటివి ఇప్పుడు కుదరవు. గింజలున్న చేత్తోనే మొహం తుడుచుకున్నాడు.

"ఇంకా ఏమేం తప్పు చెప్పాను?" అన్నాడు.

అక్క గోడవార ఉన్న స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. చెప్పాల్సినవి చాలానే ఉన్నాయి.